రాకుమారి గొంతు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ముగ్గురం మూడు రకాలుగా అలిసిపోయి ఉన్నాం. నాది రాత అలసట. మూడు సంపుటాల పాత మాయల నవలను రేడియో నాటకంగా కుదించి, వారం వారం ఒక భాగం చొప్పున స్టేషనుకు అందించాలి. అక్కది గొంతు అలసట. అది ఇంకా ఎవరికీ తెలియదు. మా ఆవిడది మా ఇద్దరితో వేగిన అలసట. దాన్ని ఆమె ఎప్పుడూ పైకి చెప్పలేదు, మేం అడగనూ లేదు.

ఆ నవల మా చిన్నతనంలో చాలా ఇళ్లలో అట్ట ఊడిపోయి, మొదటి పేజీలు చిరిగిపోయి కనబడేది. ఒక మాంత్రికుడు లోకంలోని మబ్బులన్నిటినీ తోలుకొచ్చి, గొడ్లను కట్టేసినట్టు ఒక గుహలో గుంజలకు కట్టేస్తాడు. వానల్లేక రాజ్యం ఎండిపోతుంది. పదహారేళ్ల రాకుమారి, మాట్లాడే రాతిగుర్రాన్ని వెంటబెట్టుకుని ఆ మబ్బులను విప్పడానికి బయలుదేరుతుంది. కథ ఇంతే. కానీ రాసినాయన తీరుబడి ఉన్న మనిషి. ఒక్క గుహ వాకిలినే పేజీలకు పేజీలు వర్ణించాడు. రేడియోలో దానికి ఒక నీటిబొట్టు చప్పుడు చాలు. చాలని తెలిసి కూడా, ఆ పేజీల మీద అడ్డంగా గీత పెడుతుంటే నా చిన్నప్పటి సెలవులను నేనే కొట్టేస్తున్నట్టుండేది.

పైగా రేడియోలో ఇంకో తంటా ఉంది. కనబడేదంతా ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. అదిగో నల్లకొండ అని గుర్రం అనాలి, అవును దాని నెత్తిన మంట అని రాకుమారి అనాలి. ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయకపోతే ఇద్దరూ ఊరు తిప్పి చూపించే గైడుల్లా తయారవుతారు. రోజంతా ఆ కుస్తీ పట్టేసరికి సాయంత్రానికి నాకు మామూలు మనుషులతో మాట్లాడే ఓపిక ఉండేది కాదు.

రాకుమారి మా అక్కే. స్టేషన్లో అందరూ పిలిచేదీ ఆ పేరుతోనే. యాభై దాటిన మనిషి, కళ్లజోడు, మోకాళ్ల నొప్పులు. మైకు ముందు నిలబడిందంటే పదహారేళ్లు. ఎన్ని మాయల నవలలు నాటకాలయ్యాయో అన్నిటిలోనూ రాకుమారి, జలకన్య, శాపం తగిలి చిలకైపోయిన పిల్ల, అందరూ తనే. దుకాణంలో అక్క సబ్బు అడిగితే పక్కవాళ్లు చటుక్కున తిరిగి చూసేవారు. చూసి, ఆ గొంతుకూ ఈ మనిషికీ పొత్తు కుదరక, వెనకాల ఇంకెవరైనా ఉన్నారా అని వెతికేవారు. అక్కకు అది సరదా. పెళ్లీ పిల్లలూ అని ఏదీ పెట్టుకోలేదు. ఆ గొంతే తన సంసారం.

ఇంట్లో సాధన వంటింట్లో జరిగేది. అక్క స్టూలు మీద కూర్చుని రాకుమారి మాటలు చదివేది. మిగతా అందరి మాటలూ మా ఆవిడ అందించేది. కూరగాయలు తరుగుతూ, డబ్బాకు ఆనించిన కాగితాల మీద ఒక కన్ను వేసి, మాంత్రికుడైనా గుర్రమైనా రాజుగారైనా ఒకే గొంతుతో, పచారీ సామాన్లు చదివినట్టు చదివేసేది. ఒకసారి, నిన్ను బూడిద చేస్తాను ఉల్లిపాయలు అయిపోయాయి అని ఒకే ఊపిరిలో అనేసింది. అది తలుచుకుని అక్కా నేనూ చాలాకాలం నవ్వుకున్నాం. మా ఆవిడ నవ్విందో లేదో నాకు గుర్తు లేదు. అక్కకూ ఆమెకూ మధ్య మాటలంటే దాదాపు అవే, కాగితం మీదివి. గొడవలేం లేవు. ఒకే కప్పు కింద ఒకరికొకరు అడ్డం రాకుండా తప్పుకు తిరిగేవారు.

రికార్డింగు అంటే స్టూడియోలో ఫ్యాన్లు ఆపాలి. గోడలకు మెత్తలు, తలుపుకు మెత్తలు, పైన ఎర్రదీపం. అది వెలిగిందంటే ఊపిరి కూడా పక్కకు తిరిగి తీసుకోవాలి. ఆ ఎండలకు లోపల ఉడికిపోయేవాళ్లం. మాంత్రికుడి వేషం ఆయన భారీ మనిషి, బయట మాత్రం పిల్లిలా మెత్తన. రెండు తువ్వాళ్లు తెచ్చుకునేవాడు, ఒకటి ముఖానికి, ఇంకొకటి కాగితాలు చెమటకు తడవకుండా. చప్పుళ్లు చేసే ఆయన గొడుగును టపటపా తెరిచి మూస్తూ గద్దను ఎగరేస్తుంటే, ఆ కాస్త గాలీ తగులుతుందని అందరం అటు జరిగేవాళ్లం.

సీరియల్ సగానికి రాకముందే ఆ గదిలో అక్క గొంతు విరిగింది. రాకుమారి గుహ వాకిట్లో మొదటిసారి ఒక మబ్బుపిల్లను చూసి, దాన్ని పిలుస్తుంది. ఆ పిలుపు మెల్లగా మొదలై పైకి, ఇంకా పైకి వెళ్లాలి. అలాంటివి అక్కకు మంచినీళ్ల ప్రాయం. ఎత్తుకుంది, పైకి లాగింది. సరిగ్గా అంచు మీద గొంతు రెండుగా చీలి, ఉత్త గాలి బయటికొచ్చింది.

అద్దం వెనక నుంచి ప్రొడ్యూసర్ గారు, ఇంకోసారి చూద్దాం అన్నారు. మర్యాదస్తుడు. ఇంకోసారీ చీలింది. మంచినీళ్లు తెప్పించారు. కాసేపు ఫ్యాన్లు వేయించారు. మళ్లీ ఎర్రదీపం, మళ్లీ అదే చోట అదే గాలి. అక్క ముఖంలోకి చూడ్డానికి ఎవరికీ ధైర్యం లేక అందరం మా మా కాగితాల్లోకి చూస్తున్నాం. చివరికి మాంత్రికుడు, తనకు ఒంట్లో నలతగా ఉందని, ఇవాళ్టికి తన మీద దయుంచి ఆపమని అన్నాడు. అది అబద్ధమని గదిలో అందరికీ తెలుసు. అక్క కళ్లజోడు తీసి తుడుచుకుని, ఎండ దెబ్బ అంది. 

డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్లలేదు, మా ఆవిడ తీసుకెళ్లింది. బజారుకని చెప్పి ఇద్దరూ వెళ్లారు. వాళ్లిద్దరూ కలిసి బజారుకు వెళ్లడమేమిటని నాకు అనుమానం రావలసింది. రాతలో పడి రాలేదు. మర్నాడు డాబా మీద బట్టలు ఆరేస్తూ మా ఆవిడ సంగతి చెప్పింది. డాక్టరు చిన్న అద్దం గొంతులో పెట్టి చూశాడట. స్వరతంత్రుల మీద కాయలాంటిది పెరిగిందట. ప్రాణానికి భయం లేదు గానీ కోసి తియ్యాలి. ఈ రోజు నుంచే మాట్లాడ్డం మానెయ్యాలి. తర్వాత గొంతు వస్తుంది, ఏ గొంతు వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. సీరియల్ అయ్యాక చేయించుకోవచ్చా అని అక్క అడిగిందట. అప్పటికి గొంతంటూ మిగిలితే నాకేం అభ్యంతరం లేదమ్మా అన్నాడట డాక్టరు.

"వదిన మీకు చెప్పొద్దన్నారు," అంది మా ఆవిడ, తీగకు క్లిప్పులు పెడుతూ. "ఒక్కదాన్నీ మోయలేక చెప్పాను."

రాతగాడికి ఏ కష్టానికైనా రాతే తోస్తుంది. రెండు రోజులు కూర్చుని కథ మార్చేశాను. మాంత్రికుడు రాకుమారికి శాపం పెడతాడు. దాంతో ఆమె ప్రాయం ఎగిరిపోతుంది, గొంతు బొంగురుపోతుంది. ఆ బొంగురు గొంతుతోనే ఆమె చివరికి మబ్బులను విప్పుతుంది. నవలలో అటువంటిదేమీ లేదు. ఉండి ఉంటే బాగుండునని కూడా నాకు అనిపించింది. ప్రొడ్యూసర్ గారికి ఫోన్లో చెబితే, మన రాకుమారి మనకు దక్కుతుంది, అంతకన్నా ఏం కావాలి అన్నారు.

కాగితాలు తీసుకెళ్లి వంటింట్లో అక్క చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చదివింది. ఒకటి రెండు చోట్ల తల ఊపింది కూడా. తర్వాత వాటిని మడిచి డబ్బా కింద పెట్టేసింది. గొంతు ఎత్తకుండా, పెదాలతోనే అన్నంత మెల్లగా అంది:

"ఒరేయ్, నా గొంతు పోతే నాది పోయింది. ఆ పిల్లది ఎందుకురా పోవాలి?"

కొన్ని వారాలే కదా అన్నాను. పుస్తకం రాసినాయన లేచొచ్చి అడగడులే అన్నాను. అక్క వాదించలేదు. పాత కాగితాలే, నవలలో ఉన్నట్టు రాసినవే, తీసి డబ్బాకు ఆనించింది. మా ఆవిడ ఎప్పటిలాగే కత్తిపీట ముందు కూర్చుని, మాంత్రికుడి మాట అందించబోయింది. ఆ లోపలే అక్క ఆ మాట తనే గుసగుసగా అనేసింది. ఎవరు నువ్వు, నా గుహ వాకిట్లో నీకేం పని అని. తర్వాతి మాట రాకుమారిది. మా ఆవిడ తలెత్తి చూసింది. అక్క వేలితో కాగితం మీద ఆ వరస చూపించింది. పొరపాటున వరస తప్పారనుకున్నట్టుంది, మా ఆవిడ దాన్ని పచారీ సామాను గొంతుతోనే చదివేసింది. అక్క మాంత్రికుడి తర్వాతి మాట అందించింది.

సాధన మొదలెట్టారు కదా అని నేను స్నానానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఇంకా చదువుతూనే ఉన్నారు. కూరగాయలు తరిగినవి తరిగినట్టే, తరగనివి తరగనట్టే ఉన్నాయి.

రాకుమారి వేషం తననే వెయ్యమంటున్నారన్న అసలు సంగతి అర్థమయ్యాక మా ఆవిడ ససేమిరా అంది. స్టేషన్లో నేర్చుకున్న అమ్మాయిలు ఎంతమంది లేరు, వాళ్లలో ఒకరిని పెట్టుకోమంది. అక్క అప్పటికి మౌనంలోకి వెళ్లిపోయింది. చేతిలో పలక. వాళ్లు నాలాగే అంటారు, అందరూ నన్ను విని నేర్చుకున్నవాళ్లే, అని రాసి చూపించింది. మా ఆవిడ అది చదివి, నీళ్ల బిందె దించినట్టు బరువుగా కూలబడింది.

"ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో నా గొంతుతో ఎవరికీ పని పడలేదు వదినా. ఇప్పుడు ఊరందరికీ వినిపించమంటే ఎక్కణ్ణుంచి తేను?"

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. నేను ఏదో సర్దిచెప్పబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. పలక మీద ఏదో రాసి, తుడిచి, మళ్లీ రాసింది. మళ్లీ తుడిచింది. చివరికి రాసి ఆమె ముందు పెట్టింది. రెండే మాటలు. "అది నిజమే."

మా ఆవిడ ఆ పలకను చూసి పక్కన పెట్టి, మిగిలిన కూరగాయలు తరగడం ముగించింది. మర్నాడు పొద్దున్న, మైకు ముందు ఎంత దూరంలో నిలబడాలి అని తనే అడిగింది.

అక్క నోరు లేకుండా నేర్పింది. చెంచాతో స్టూలు మీద ఒక దెబ్బ కొడితే నిదానం, రెండు కొడితే వెనక్కి వెళ్లి మళ్లీ అను. భుజాలు పైకి లేస్తే వచ్చి నొక్కేది. ఎండ, పొయ్యి సెగ, చెంచా చప్పుడు. ఒకరోజు మా ఆవిడకు విసుగొచ్చి, నేను మీలా అనలేను, ఏడు జన్మలెత్తినా అనలేను అంది. అక్క పలక మీద, అనొద్దు అని రాసింది. ఆ మాటకు మా ఆవిడకు ఎందుకో నవ్వొచ్చింది. అక్క కూడా చప్పుడు లేకుండా భుజాలు కదుపుతూ నవ్వింది. నేను పక్క గదిలో ఉన్నాను. నన్ను పిలవలేదు.

ప్రొడ్యూసర్ గారికి ఇది మింగుడు పడలేదు. అక్క ఆయన గదిలోకి పలక పట్టుకుని వెళ్లి చాలాసేపు కూర్చుంది. ఏం రాసిందో నాకు తెలియదు. ఆయన బయటికొచ్చి, ఒక్క భాగం చేసి చూద్దామండీ అన్నారు, పంటినొప్పితో ఉన్న మనిషిలా.

మొదట్లో ఘోరంగా ఉంది. మా ఆవిడ పేజీ తిప్పినప్పుడల్లా కాగితాల గలగల మైకులోకి వచ్చేసింది. చప్పుళ్లాయన ఆ కాగితాలను అట్టకు అతికించి ఇచ్చాడు. తర్వాత గొంతు వినబడలేదు, ఆ తర్వాత మరీ వినబడింది. మాంత్రికుడు ఓపిగ్గా ప్రతిసారీ అంతే భయంకరంగా గర్జించాడు. అక్క మూల కుర్చీలో ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ చెంచా తెచ్చుకోలేదు.

మబ్బుపిల్లను పిలిచే చోటు వచ్చింది. అక్క చేసేటట్టు పైకి లాగుతుందని నేను పిడికిళ్లు బిగించి ఎదురుచూశాను. మా ఆవిడ లాగలేదు. ఎండలో ఆడుకుంటున్న పిల్లను ఇంట్లోకి రమ్మన్నట్టు, వస్తావో రావోగానీ పిలవడం నా వంతు అన్నట్టు, కిందిస్థాయిలోనే పిలిచింది. అందులో పదహారేళ్ల పిల్ల లేదు. చాలా దూరం నడిచొచ్చిన మనిషి ఉంది. ఇంట్లో అన్నేళ్లు కలిసి బతికి ఆ గొంతు నేను వినలేదు. ఆ పిలుపు తర్వాత మాంత్రికుడు పగలబడి నవ్వాలి. ఆయన నవ్వడం మరిచిపోయి తువ్వాలు పట్టుకుని నిలబడిపోయాడు.

ప్రొడ్యూసర్ గారు ఇంకోసారి అనలేదు. బాగుందనీ అనలేదు. మాంత్రికుడి నవ్వు విడిగా తీసుకుందామని చెప్పి, పేజీ తిప్పారు.

అది ప్రసారమయ్యాక ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం తిట్లే. మా రాకుమారిని ఏం చేశారని కొందరు, రాకుమారికి జలుబు చేసిందా అని ఒకాయన. ఈమె ఎవరో గానీ ఆ కొండలన్నీ నిజంగా ఎక్కి వచ్చినట్టుంది అని ఒక్కరు రాశారు. ప్రొడ్యూసర్ గారు ఆ ఒక్కటే పైకి చదివి మిగతావి దాచబోతే, మా ఆవిడ అడిగి తీసుకుని అన్నీ చదివింది. జలుబు ఉత్తరం ఇంటికి తెచ్చి అక్కకు చూపించింది. ఇద్దరూ వంటింట్లో చాలాసేపు నవ్వుకున్నారు. ఆ నవ్వులో కూడా నేను లేను. అలవాటు చేసుకోవాలి కాబోలు అనుకున్నాను.

సీరియల్ ముగిసేలోగా అక్కకు ఆపరేషన్ అయింది. ఆఖరి భాగం ఇంట్లోనే ముగ్గురం విన్నాం. మాంత్రికుడు ఓడిపోయాడు. రాతిగుర్రం గుంజల మీద కాళ్లు మోపింది. రాకుమారి ఒక్కొక్క ముడీ విప్పుతూ, ఒక్కొక్క మబ్బునూ పేరు పెట్టి పంపింది. చప్పుళ్లాయన రేకు మీద ఇసుక జల్లుతూ వాన కురిపించాడు. బయట చుక్క లేదు, రోడ్డు సెగలు కక్కుతోంది. నేను అక్క ముఖం చూద్దామని తిరిగాను, కళ్లలో ఏముందో చూడాలని. అక్క గోడకు తల ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, గాఢంగా నిద్రపోతోంది. అన్ని నెలల్లో మొదటిసారి అంత నిద్ర. మా ఆవిడ లేచి, వాన ఇంకా కురుస్తుండగానే, రేడియో గొంతు తగ్గించింది.

ఆ తర్వాత మా ఇంటి తీరు మారిపోయింది. మా ఆవిడకు స్టేషను నుంచి పిలుపులు వస్తున్నాయి. రాకుమారి వేషాలు కావు, తల్లులు, పడవ నడిపే ఆడవాళ్లు, అడవిలో దారి చెప్పే ముసలమ్మలు. వంట అక్క చేతికి వచ్చింది. ఉప్పు ఒకరోజు రెట్టింపు, ఒకరోజు శూన్యం. మేం నోరెత్తలేదు. డాక్టరు చెప్పిన గడువు అయ్యాక అక్క గొంతు తిరిగి వచ్చింది. జల్లెడలో కంకర పోసినట్టుంది. ఆ గొంతును కొత్తగా అద్దెకు దిగిన మనిషిలా చూసేది అక్క. అవసరమైతేనే దాంతో మాట్లాడేది, అదీ ఇంట్లోనే.

ఒక ఆదివారం ఉదయం ఫోన్ మోగింది. మేమిద్దరం పెరట్లో ఉన్నాం. అక్క వంట మధ్యలో వచ్చి తప్పక తీసింది. నేను లోపలికి వచ్చేసరికి రిసీవరు చెవికి ఆనించుకుని కదలకుండా వింటోంది. అవతల ఎవరో ఆడమనిషి ఆపకుండా మాట్లాడుతోంది. చివరికి అక్క, ఉన్నారండీ పిలుస్తాను అని చెప్పి, పెరటి వైపు తిరిగి, మా ఆవిడతో "రాకుమారి కావాలట. నీకే," అంది.

మా ఆవిడ తడిచేతులు తుడుచుకుని వచ్చి, చెప్పండి అంది. విన్నది. కాసేపటికి ఆమె చూపు అక్క మీద పడింది. అక్క అప్పటికే వంటింటి గుమ్మం దగ్గర ఆగి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. అవతలి మనిషి అడుగుతున్నది పాత రాకుమారిని. చిన్నప్పుడు మంచాన పడి ఏడాది పాటు ఆ గొంతే వింటూ గడిపిందట. ఆవిడ ఉన్నారో లేరో తెలుసుకుందామని చేసిందట.

మా ఆవిడ రిసీవరును రెండో చెవికి మార్చుకుంది.

"ఇందాక మీతో మాట్లాడింది ఆవిడేనండీ," అంది. "ఉండండి, ఇస్తాను."

రిసీవరు చాచి పట్టుకుని నిలబడింది. అక్క కదల్లేదు. మా ఆవిడా చెయ్యి దించలేదు. అంత మొండిగా ఆమె మా ఇంట్లో దేనికీ నిలబడగా నేను చూడలేదు. అక్క మెల్లగా నడిచొచ్చి దాన్ని అందుకుంది. గొంతు సవరించుకోబోయి, మానేసింది.

"అవునమ్మా," అంది, ఆ కంకర గొంతుతోనే. "నేనే."

అవతల ఏమన్నారో మాకు వినబడలేదు. అక్క కుర్చీ కాలితో దగ్గరికి లాక్కుని కూర్చుంది. పొయ్యి మీద మాడు వాసన వస్తోంటే మా ఆవిడ వెళ్లి మంట తగ్గించింది.